మన కాలనీ వృద్ధులకు వాసయోగ్యమా?

(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో ప్రసంగింపవలసినదని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు వారు ఆశించినది సాహిత్య విషయమని నాకు తెలియును. ప్రతి సంవత్సరము ఈ వేదికపైకి ప్రబంధకవులో, పదకర్తలో, శతకకారులో ఎవరో ఒకరు వచ్చుచునే యున్నారు. ఈ యేడు వారికి కొంచెము విశ్రాంతి నిచ్చి, మన యిండ్లలోనే యుండియు మన సభలకు రాలేకపోవుచున్న కొందరిని గూర్చి మాటలాడుటకు అనుమతింపుడని వేడుకొంటిని. వారు దయతో అంగీకరించిరి. ఆ కొందరు మన తల్లులు, తండ్రులు, అత్తలు, మామలు. మరికొన్ని సంవత్సరములలో ఆ కొందరు మనమే.

విషయమును ఒక యింటి ముచ్చటతో ఆరంభించెదను. మా నాయనగారు కాలధర్మము చెందిన పిమ్మట మా అమ్మగారిని కృష్ణాతీరమునందలి మా గ్రామమునుండి ఢిల్లీకి తీసికొని వచ్చితిని. ఆమెకప్పుడు 76 సంవత్సరములు. మేమున్నది ప్రభుత్వ క్వార్టర్లలో. పాతకాలపు కట్టడము, లిఫ్టు లేదు, మాది మూడవ అంతస్తు. నేలనుండి మా గుమ్మము వరకు 54 మెట్లు. మొదటి నెలలో ఆమె ప్రతి సాయంకాలము దిగి, పార్కులో కొంతసేపు కూర్చుండి వచ్చెడిది. తరువాత వారమునకు రెండుసార్లు. ఆపైన శుక్రవారమునాడు మాత్రము. తుదకు అదియును మానివేసినది. అమ్మకు ఇల్లు అలవాటైనది, ఇక బయట తిరుగవలెనను కోరిక లేదు అని నేను సంతోషించితిని. ఆ సంతోషము ఎంతటి అజ్ఞానమో నాకు మూడు సంవత్సరముల తరువాతగాని తెలియలేదు.

ఒకనాటి ఉదయము ఆమె వంటయింటిలో తల తిరిగి, గోడ నానుకొని కూలబడినది. వైద్యుడు చూచి రక్తపుపోటు మిక్కిలి హెచ్చియున్నదనెను. మాత్రలు క్రమముగా వేసికొనుచున్నారా యని అడిగెను. వేసికొనుచున్నారని నేనే బదులు చెప్పితిని. ఇంటికి వచ్చి మాత్రల పెట్టె తెరచి చూడగా, అప్పటికి అయిపోయి యుండవలసిన వానిలో సగము మిగిలియున్నవి. ఆమె దినము విడిచి దినము వేసికొనుచుండెను. కారణమడిగితిని. చాలసేపు మాటలాడలేదు. పిమ్మట ఇట్లు చెప్పినది:

"మందులు అయిపోతే నువ్వు పొద్దున్నే ఆ లైనులో నిలబడాలి. ఆఫీసుకు ఆలస్యమవుతుంది. పోనీ నేనే వెళ్దామంటే మెట్లున్నాయి. దిగడం ఏమంత కష్టం కాదు నాయనా, మళ్ళీ ఎక్కాలి గదా అని తలుచుకుంటే కాలు కదలదు. అందుకని ఉన్నవాటినే కాస్త పొదుపుగా వాడాను."

మహాశయులారా! ఆ వైద్యకేంద్రము మా యింటికి అర కిలోమీటరు దూరము కూడ లేదు. మందులకు వెల చెల్లించవలసిన పని లేదు. పార్కు మా బ్లాకు కెదుటనే యున్నది. అంగడి, బస్సు నిలుచుచోటు, తపాలా కార్యాలయము, దేవాలయము అన్నియు నడచిపోదగిన దూరములోనే యున్నవి. ఎవరైనను పటము ముందిడుకొని మా కాలనీకి మార్కులు వేసినచో నూటికి తొంబది వేయుదురు. ఆ తొంబది మార్కుల కాలనీలో మా అమ్మగారు మాత్రలు పొదుపు చేసికొనుచు మూడవ అంతస్తులో కూర్చుండి యుండెను. ఆ పటమునకును ఆ మాత్రల పెట్టెకును నడుమ ఎంత దూరము కలదో చెప్పుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

ఇది మా ఒక్క యింటి సంగతి కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 60 సంవత్సరములు నిండినవారు సుమారు 10.4 కోట్లు, మొత్తము జనాభాలో నూటికి 8.6 వంతు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఈ వంతు 9.8. కేంద్ర ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయస్సు 1962లో 55 నుండి 58కిని, 1998లో 58 నుండి 60కిని పెరిగినది. 80 సంవత్సరములు నిండిన పింఛనుదారునకు మూల పింఛనుపై నూటికి 20 వంతులు అదనముగా లభించును. అది అయిదేండ్ల కొకసారి పెరుగుచు, 100 సంవత్సరములు నిండినవారికి మూల పింఛనుతో సమానమైన మొత్తము అదనముగా చేరును. అనగా మనము నూరేండ్లు జీవింపవచ్చునని ప్రభుత్వము లెక్కవేసి యున్నది. ఆ నూరేండ్లు ఎట్టి యింట, ఎట్టి వీధిలో జీవింతుమో మాత్రము మనము లెక్కవేసికొనలేదు.

ఒక ప్రదేశము వృద్ధులకు ఎంతవరకు వాసయోగ్యమో నిర్ణయించు ప్రయత్నములు లోకమున లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వృద్ధులకు అనుకూలములైన నగరములను గూర్చి ఒక మార్గదర్శక గ్రంథమును ప్రకటించినది. అందుకై జరిగిన పరిశీలనలో 33 నగరములు పాల్గొన్నవి. మన దేశమునుండి న్యూఢిల్లీ, ఉదయపూరు వానిలో చేరియున్నవి. ఆ గ్రంథము ఎనిమిది అంశములను పేర్కొన్నది: బహిరంగ స్థలములు, కట్టడములు, రవాణా, గృహవసతి, సాంఘిక జీవనమున పాలుగొనుట, గౌరవాదరములు, పౌరకార్యములు, ఉపాధి, సమాచారము అందుట, సామాజిక సహాయము, వైద్యసేవలు. ఈ జాబితాకంటె నాకు ముఖ్యముగా తోచినది దానిని సిద్ధపరచిన విధానము. ఇంజనీర్లతోను అధికారులతోను సరిపెట్టుకొనక, ఆ నగరములలోని వృద్ధులనే కూర్చుండబెట్టి, ఏది మీకు అనుకూలము, ఏది ప్రతికూలము అని వారు అడిగిరి.

అమెరికాలో 1958లో స్థాపితమై, పదవీ విరమణ చేసినవారి సంస్థగా పేరొందిన ఏఏఆర్‌పి 2015లో ఒక వాసయోగ్యతా సూచికను ప్రవేశపెట్టినది. ఆ దేశములో ఏ చిరునామా చెప్పినను, గృహవసతి, పరిసరములు, రవాణా, పర్యావరణము, ఆరోగ్యము, ప్రజాజీవనము, అవకాశములు అను ఏడు విభాగములలో దానికి సున్న మొదలు నూరు వరకు మార్కులు లభించును. ఎక్కడ నివసింపవలెనో ఆలోచించువారికిని, పురపాలకులకును అది మిక్కిలి ఉపయోగకరము. కొలువనిదానిని బాగుచేయుట కష్టము కనుక ఇట్టి కొలతలను నేను తేలికగా చూడను.

అయినను సగటు మార్కులలో ఒక మోసము కలదు. పార్కునకు పది, ఆస్పత్రికి పది, అంగడికి పది, మెట్లకు సున్న వేసి కూడినచో మొత్తము గొప్పగానే కనబడును. కాని వృద్ధుని దినచర్య కూడిక వంటిది కాదు; గొలుసు వంటిది. ఇంటి తలుపు, మెట్లు, గుమ్మము, బాట, రోడ్డు దాటుచోటు, వాహనము, వైద్యుని గది ఇవి వరుసగా కూర్చిన కడియములు. ఒక కడియము తెగినచో మిగిలినవి ఎంత గట్టివైనను గొలుసు పనికిరాదు. మా అమ్మగారి విషయమున తెగిన కడియము మెట్లు. మీ యింట అది మరియొకటి కావచ్చును. కనుక వాసయోగ్యత నెంచునప్పుడు మొత్తము మార్కులెన్ని యని గాక, ఎచట తెగినది యని అడుగవలెను.

ఈ దృష్టితో కొన్ని కడియములను పరిశీలింతము.

మొదటిది ఇల్లు. పెద్దవారు పడిపోవుట అనగానే మనము రోడ్డును, వాహనములను తలంతుము. కాని స్నానాలయపు తడినేల మన యింటిలోనిదే. అక్కడ గోడకు పట్టుకొనుటకు ఒక కడ్డీ ఉన్నదా? గడప ఎత్తెంత? రాత్రివేళ పడకనుండి మరుగుదొడ్డివరకు వెలుతురున్నదా? తలుపు లోపలికి తెరచుకొనునా, వెలుపలికా? లోపలికి తెరచుకొను తలుపైనచో, పడిపోయిన మనిషి దేహమే దానికి అడ్డుపడి, సాయము చేయవచ్చినవారు లోనికి పోలేరు. గడియ వెలుపలనుండి కూడ తీయదగినదై యుండవలెను. ఇవి వేల రూపాయల పనులు కావు. ఒక ఆదివారపు పని.

రెండవది మెట్లు, గుమ్మము. మన పాత క్వార్టర్లలో తరచుగా చేతిపట్టు ఒక ప్రక్కనే యుండును. ఎక్కునప్పుడు కుడిచేతి కందినది దిగునప్పుడు ఎడమచేతి వైపునకు పోవును. ఒక చేతిలో బలము తగ్గినవారికి ఇది చాలు, ఇల్లు కదలకుండుటకు. ఇక చక్రముల కుర్చీల కొరకు కట్టు వాలుబాటల మాట. ఒక వంతు ఎత్తునకు పండ్రెండు వంతుల పొడవు ఉండవలెనని నిబంధన. 15 సెంటీమీటర్ల మెట్లు మూడున్నచోట వాలుబాట 5.4 మీటర్ల పొడవుండవలెను. మూడు మెట్లపై రెండు మీటర్ల సిమెంటు పోసి వాలుబాట యని పేరుపెట్టిన చోట్లను నేను చూచితిని. దానిపై చక్రముల కుర్చీని ఎక్కించుటకు ఇద్దరు బలశాలురు కావలెను. దించునప్పుడు కూర్చున్నవారు దేవుని తలచుకొనవలెను. పటములో మాత్రము అచట వాలుబాట ఉన్నట్లే లెక్క.

మూడవది బాట. కాలిబాటయందు నడచుటకు అడ్డులేని వెడల్పు కనీసము 1.8 మీటర్లుండవలెననియు, దాని అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదనియు మన రహదారుల ప్రమాణములు చెప్పుచున్నవి. ఆ వెడల్పులో స్కూటర్లు నిలిపి, కూరగాయల బండి పెట్టి, విద్యుత్ స్తంభము పాతి, మిగిలినదానిలో మనము మన పెద్దలను నడువమందుము. రోడ్డు దాటు సంగతి చూడుడు. పాదచారి సెకనుకు 1.2 మీటర్లు నడచునని సాధారణముగా లెక్కింతురు. 12 మీటర్ల రోడ్డునకు పది సెకనులు. సెకనుకు 0.8 మీటరు మాత్రమే నడువగల పెద్దావిడకు పదునైదు సెకనులు పట్టును. కొరవడిన ఆ అయిదు సెకనులు ఆమెను రోడ్డు నడుమ నిలువబెట్టును. ఒకసారి అట్లు నిలిచినవారు రెండవసారి ఆ రోడ్డు దాటరు. వారు దాటుట మానివేసినారని ఏ కార్యాలయమునందును నమోదు కాదు.

నాలుగవది వాహనము. 2002 డిసెంబరులో ఆరంభమైన ఢిల్లీ మెట్రోలో లిఫ్టులు, వాలుబాటలు, వృద్ధులకు ప్రత్యేకాసనములు కలవు. మన నగరము పెద్దలకు చేసిన మేలులలో దీనిని ముందుగా చెప్పవచ్చును. కాని స్టేషను ద్వారమునుండి యింటి ద్వారము వరకు గల ఆ కొద్ది దూరమే తరచుగా తెగిన కడియము. అదియును జూన్ నెల యెండలోను, నవంబరు మొదలు జనవరి వరకు పొగమంచులోను రెట్టింపగును. ఢిల్లీలో పెద్దవారు సుఖముగా బయట తిరుగదగిన నెలలు పండ్రెండు కావు. అందుచేత ఉన్న మంచి నెలలను పోగొట్టుకొనుట వారికి మనకంటె పెద్ద నష్టము.

అయిదవది వైద్యము. కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము 1954లో ఢిల్లీలో ఆరంభమైనది. దాని నీడలో మనలో అనేకులు పెరిగితిమి. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ఆస్పత్రులలో వృద్ధులకు ప్రత్యేక వరుసలుండవలెనన్నది. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్ పథకము 70 సంవత్సరములు నిండినవారి కందరికి, ఆదాయముతో నిమిత్తము లేకుండ విస్తరించినది. ఇవన్నియు విలువగలవి. కాని ప్రత్యేక వరుస ఆస్పత్రి లోపల ఆరంభమగును. మా అమ్మగారి వరుస మా యింటి గుమ్మములో ఆరంభమగుచున్నది. అదే చట్టము, పోషింపని సంతానమునుండి నెలకు పదివేల రూపాయలకు మించకుండ పోషణభృతి ఇప్పింపగలదు. పోషించు కొడుకునకు తెలియకుండ తల్లి దాచిన అవసరమును ఏ చట్టము బయటికి తీయగలదు?

ఆరవ కడియమును నేను చాలకాలము గుర్తింపలేదు. అది తోడు, అందులోను భాష తెలిసిన తోడు.

మా బ్లాకులో క్రింది యింటిలో ఒక కన్నడపు పెద్దావిడ యుండెడిది. ఆమెకు తెలుగు రాదు. మా అమ్మగారికి కన్నడము రాదు. ఇద్దరికిని హిందీ అంతంత మాత్రమే. అయినను ఒకే బల్లపై కూర్చుండి, అటు సగము ఇటు సగము మాటలు కలుపుకొని, వంటలను గూర్చి, కోడండ్రను గూర్చి గంటలకొలది చెప్పుకొనెడివారు. ఆమె కుమారునకు బదిలీ అయి వారు తరలిపోయిరి. మా అమ్మగారు శుక్రవారము దిగుట మానినది ఆ నెలలోనే యని లెక్క చూచుకొన్నప్పుడు తెలిసినది. దోషమంతయు మెట్లదే యని తలచిన నాకు అప్పుడు కనువిప్పు కలిగినది. క్రింద ఎవరైన ఉన్నంతవరకు ఆమె 54 మెట్లను దిగి ఎక్కినది. ఎవరును లేనినాడు అవి నూటయెనిమిదియైనవి.

ప్రభుత్వ కాలనీల స్వభావమే యిది. మనకు బదిలీలు, పదోన్నతులు, పెద్ద క్వార్టర్లు. మన పిల్లలు కొత్త బడిలో నెలలో స్నేహితులను సంపాదింతురు. మన పెద్దలకు ప్రతి బదిలీ ఒక చిన్న మరణము వంటిది. స్వగ్రామమున అరుగుమీద కూర్చున్న ముసలవ్వకు ఊరు తానుగా నడచివచ్చి కబురు చెప్పెడిది. ఇచట కబురు కొరకు ఆమె దిగిపోవలెను. దిగిపోయినను అది తెలుగులో ఉండదు.

ఇట్లన్నందున గ్రామమే స్వర్గమని నేను చెప్పుట లేదు. మా గ్రామమున అరుగున్నది కాని వైద్యుడు లేడు. రాత్రివేళ గుండెనొప్పి వచ్చినచో పట్టణము చేరుటకు వాహనము వెదకవలెను. మరుగుదొడ్డి యింటి వెనుక పెరటిలో, వానలో తడిసిన బాటకు చివర నుండెడిది. భర్త పోయిన స్త్రీలను శుభకార్యములకు దూరముంచిన అరుగులు కూడ అవియే. అరుగును పొగడుటవలన పని లేదు. అరుగు చేసిన మేలును ఇచట ఏది చేయగలదో వెదకుట పని.

పాత కాలనీలను పడగొట్టి పెద్ద భవనములు కట్టుచున్న కాలమిది. సరోజినీనగర్, నేతాజీనగర్, నౌరోజీనగర్ మున్నగు ఏడు ప్రభుత్వ కాలనీల పునర్నిర్మాణమునకు 2016లో కేంద్ర మంత్రివర్గము ఆమోదము తెలిపినది. ఎత్తైన భవనములతోపాటు లిఫ్టు వచ్చును. మా అమ్మగారి వంటివారికి అది వరమే. కాని పాత క్వార్టర్ల నడుమనుండిన వేపచెట్టు నీడ, పచ్చిక, బట్టలారవేయుచు పలుకరించుకొను పెరడు లిఫ్టుతోపాటు తిరిగి రావు. లిఫ్టున్నను దిగి కూర్చుండుటకు చోటు లేనిచో, అది ఖాళీగా దిగి ఖాళీగా ఎక్కును. నమూనాలు గీయుచున్న దశలోనే ఈ మాట చెప్పవలసిన వారము మనమే. మనలో కొందరు ఆ శాఖలలోనే పనిచేయుచున్నారు.

మరియొక సంగతి. పదవీ విరమణ చేసిన కొన్ని నెలలకు క్వార్టరు ఖాళీ చేయవలెను. కాలు మెత్తబడు వయస్సులోనే మనము కొత్త చోటికి పోవుదుము. కేంద్ర ప్రభుత్వోద్యోగుల సంక్షేమ గృహనిర్మాణ సంస్థ 1990లో ఏర్పడి, హైదరాబాదు మొదలగు నగరములలో కేంద్రీయ విహార్ పేరిట గృహములు నిర్మించినది. ఇతరులు స్వంతముగా కొనుచున్నారు. ఇల్లు చూడబోవునప్పుడు మనము అరువదేండ్ల కాళ్లతో నడచి, గదుల వైశాల్యమును, ధరను, మనుమల బడి దూరమును విచారింతుము. ఆ యింటిలో జీవింపబోవునది డెబ్బదియైదేండ్ల కాళ్లతోనని మరతుము. ఇల్లు చూచుటకు పోవునప్పుడు మీకంటె పదునైదేండ్లు పెద్దవారి నొకరిని వెంట తీసికొనిపొండు. వారు ఎచట ఆగి గోడ పట్టుకొందురో గమనింపుడు. గృహవిక్రేత చెప్పని విషయములన్నియు ఆ గోడ చెప్పును.

ఇక మన కాలనీలను పరీక్షించుట యెట్లు? దానికి పెద్ద నిపుణులు అవసరము లేదు. ఒక కొలతటేపు, ఒక గడియారము, ఒక నోటు పుస్తకము, ఒక పెద్దమనిషి చాలును. ఆ పెద్దమనిషిని చేయిపట్టి నడిపింపకుడు. వెనుకగా, వారి నడకలో నడువుడు. ఇంటినుండి వైద్యకేంద్రము వరకు, అంగడి వరకు, దేవాలయము వరకు పొండు. వారు ఆగినచోట మీరు వ్రాసికొనుడు. ఎన్ని నిమిషములు పట్టినది, ఎన్నిసార్లు కూర్చుండ కోరినారు, కూర్చుండుటకు చోటు దొరికినదా, మరుగుదొడ్డి తెరచి యున్నదా, ఎచట భయపడిరి. ఆ పుస్తకమే మీ కాలనీ యొక్క నిజమైన మార్కుల పట్టిక.

ఒక హెచ్చరిక. పార్కులో కూర్చున్న పెద్దలను మాత్రమే అడిగి తిరిగిరాకుడు. పార్కునకు రాగలిగినవారు ఆ పరీక్షలో అప్పటికే ఉత్తీర్ణులు. తలుపు తట్టి లోనున్నవారిని అడుగవలెను. అడుగవలసిన ప్రశ్నలు నాలుగు. ఈ వారములో ఎన్నిసార్లు ఎవరి సాయమును అడుగకుండ క్రిందికి దిగితిరి? దిగవలెనని తలచి మానినది ఎప్పుడు, ఎందుకు? ఇంటివారు గాక మరియొకరితో అరగంటసేపు మీ భాషలో మాటలాడి ఎన్ని దినములైనది? నాలుగవది కష్టమైన ప్రశ్న: మీ పిల్లలకు శ్రమ కలుగునని చెప్పక దాచినది ఏమున్నది? దీనిని కొడుకు అడిగినచో జవాబు రాదు. కనుక మీ తల్లిగారిని నేను, మా తల్లిగారిని మీరు అడుగవలెను. ఒక సంఘమునకు గల ప్రయోజనము ఇటువంటి చోట్లనే.

మా యింట తరువాత జరిగినది చెప్పి ముగించెదను. గోడవైపు రెండవ చేతిపట్టు కావలెనని దరఖాస్తు పెట్టితిని, అది వచ్చుటకు ఏడు నెలలు, మూడు జ్ఞాపికలు పట్టినది, కాని వచ్చినది. మెట్లమీది దీపము మార్పించితిమి. మా బ్లాకులోని మూడు తెలుగు కుటుంబములు వంతులవారీగా ముగ్గురు పెద్దల మందులను తెచ్చుటకు ఏర్పాటు చేసికొన్నవి. ఇరుగుపొరుగువారి అనుమతితో రెండవ అంతస్తు మలుపులో, త్రోవకు అడ్డము గాకుండ ఒక కుర్చీ వేసితిమి. ఎక్కునప్పుడు అచట కూర్చుండి ఊపిరి తీసికొనవచ్చునని ధైర్యము కలిగిన పిమ్మట, అమ్మగారు దినము విడిచి దినము దిగుచున్నారు. మాత్రలు మాత్రము ప్రతిదినము వేసికొనుచున్నారు.

ఒక సాయంకాలము ఆమె ఎక్కివచ్చుచుండగా ఆ కుర్చీలో మరియొకరు కూర్చుండి యుండిరి. మా యెదుటి యింటి పంజాబీ తాతగారు. ఎదురుబొదురు తలుపులలో నాలుగేండ్లుగా నివసించుచున్నను ఆయన క్రిందికి దిగుట నేనెన్నడును చూడలేదు. బహుశః ఆయనకు వెలుపలికి పోవుట ఇష్టముండదని నేను తలచియుండవచ్చును. మా అమ్మగారిని చూచి ఆయన లేవబోయెను. ఆమె తనకు వచ్చిన రెండు హిందీ ముక్కలతో కూర్చుండుమని చెప్పి, మెట్టుమీద తాను కూర్చున్నది. మరునాడు అచట రెండవ కుర్చీ వేసితిమి.

సభ్య మహాశయులకు నా మనవి ఒక్కటి. ప్రతి సంవత్సరము మనము నాటకములకు, సంగీతమునకు, ఈ సంచికకు ఎంతో శ్రమ చేయుచున్నాము. అందులో కొంత శ్రమను మన సభ్యుల యిండ్లలోని పెద్దల పేర్ల పట్టిక యొకటి వ్రాయుటకును, నెలకొకసారి ఒక తెలుగు గొంతు వారి తలుపు తట్టుటకును వినియోగింతము. వచ్చు వార్షికోత్సవమున ఈ సభామందిరమునకు ఎన్ని మెట్లున్నవో ముందుగా లెక్కించి, తరువాత తేదీ నిర్ణయింతము. ముందు వరుసలోని కుర్చీలు మహనీయులకు మాత్రమే గాక, అంత దూరము దిగి రాగలిగిన మన తల్లిదండ్రులకు కూడ కేటాయింతము.